బెర్లిన్ చీర, మిలాన్ జాకెట్

“ఎంత పని చేసినవమ్మా. జాకెట్ ముక్కలు దానిది దీనికి, దీనిది దానికి పెట్టి పంపినవ్.”

నరహరి మగ్గం దిగి, ఫోన్ పట్టుకుని తల్లి వెంకటనర్సమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. బెర్లిన్‌లో ఉద్యోగం చేసే పెద్ద కూతురు సింధూజ పంపిన ఫొటో అది. బతుకమ్మకు కట్టుకొమ్మని తను నేసి పంపిన ఎర్ర చీర, దాని పక్కన వంగపండు రంగు జాకెట్ ముక్క. ఆ ముక్క మిలాన్‌లో ఉండే చిన్న కూతురు సుస్మిత చీరది. నారాయణపేట చీర చివరనే జాకెట్ గుడ్డ కూడా నేస్తారు. ఈసారి వెంకటనర్సమ్మ దాన్ని తనే కత్తిరించి, తనే మడతపెట్టి, తనే సంచుల్లో పెట్టి కుట్టింది.

“కండ్లు ఆనుతలేవు బిడ్డా,” అందామె కండెకు నూలు చుడుతూ, తాపీగా. “అవుగానీ, బెర్లిన్ నుంచి మిలాన్ ఎంత దూరమన్నవ్?”

వారం రోజులుగా ఇదే ప్రశ్న. తల్లికి మతిమరుపు మొదలైందేమోనని నరహరికి గుబులుగా ఉంది.

“తొమ్మిది వందల కిలోమీటర్ల లోపే. విమానంల రెండు గంటలు గూడ పట్టది. ఎన్నిసార్లు చెప్పాలె?”

“మనం హైదరాబాద్ పోవాలంటేనే బస్సుల నాలుగు గంటలాయె. గంత దగ్గరుండి ఒకల మొహం ఒకలు చూసుకోరేంది?”

నరహరిని రోజూ తినేస్తున్న బెంగ అదే. ఫోన్‌లో మాటా మాటా అనుకుని అక్కచెల్లెళ్లు రెండేళ్లుగా పలకరించుకోవడం లేదు. ఇప్పుడీ తారుమారు చూసి ‘అవ్వ నాది దానికిచ్చింది’ అని ఇంకో గొడవ పెట్టుకుంటే, ఇక ఇద్దరూ జన్మలో కలవరని అతని భయం.

“వాళ్లకు గీ పంతం యాడికెల్లి వచ్చిందో,” అంది వెంకటనర్సమ్మ. నరహరి తల తిప్పుకున్నాడు. భువనగిరిలో ఉన్న తమ్ముడు మురళీమోహన్ గడప తొక్కి అతనికీ ఏళ్లు గడిచాయి. అక్కడి మరదలికి ఏటా పండుగ చీర పంపేది కూడా తల్లే.

అంతలో ఫోన్ మోగింది. సుస్మిత.

“బాపూ, అక్క జాకెట్ ముక్క నాకొచ్చింది.”

“తెలుసు బిడ్డా. పోస్టుల పంపు. నీది అక్క పంపుతది. దానికి నేను చెప్త.”

వెంకటనర్సమ్మ ఫోన్ గుంజుకుంది. “పోస్టు గీస్టు వద్దే. నువ్వే పోయి దాని చేతికిచ్చి రా.”

ఫోన్‌లోంచి సుస్మిత గొంతు సన్నగా వినిపించింది. “నేను పోతే అక్క తలుపు తీస్తదా అవ్వా?”

“తీయకుంటే బతుకమ్మకు ఏం తొడుక్కుంటదే? ఎర్ర చీర మీద వంగపండు జాకెట్టా?”

సుస్మిత నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. “శనివారానికి టికెట్ చూస్త,” అంది.

నరహరికి కళ్లు చెమ్మగిల్లాయి. తల్లి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాడు.

“పోనీలే అమ్మా. నీ పొరపాటు గూడ మంచికే అయింది.”

లోపలి నుంచి అతని భార్య రోజారమణి కొత్త చీర పట్టుకుని వచ్చింది. “అత్తమ్మా, మీరు పండుగకిచ్చిన ఆకుపచ్చ చీరల గులాబీ జాకెట్ ముక్క ఉంది. మరి నాదేది?”

వెంకటనర్సమ్మ కండె పక్కన పెట్టి కొడుకు దిక్కు చూసింది.

“భువనగిరికి బస్సుల ఎంతసేపు పడ్తది కొడుకా?”