ఇద్దరికే చెల్లును

"ఒక్కరికైతే చెల్లదండి. ఇద్దరు కూర్చోవాలి, ఇద్దరు తినాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి," అన్నాడు సర్వరు, కూపను వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చూపిస్తూ.

"ఇంటికి ఇద్దరుంటారని ఏ మహానుభావుడు లెక్కేశాడయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు గారు. "నా పన్నుతో అచ్చేయించిన కాగితం నాకే చెల్లదంటావా?"

రిటైరై ఏడేళ్లయినా ఆయన్ని అందరూ ఇన్‌స్పెక్టరు గారనే పిలుస్తారు. తూనికలు, కొలతల శాఖలో ముప్పై రెండేళ్లు చేసిన మనిషి. త్రాసు పళ్లెం కింద అయస్కాంతం అంటించిన కొట్టువాణ్ణి గుమ్మంలోంచే పట్టేసేవాడని పేరు. అలాంటి మనిషి ఆ చిన్న అక్షరాలు చదవకుండా వచ్చాడంటే నమ్మకండి. చదివే వచ్చాడు. వ్యాపారాలు పడుకున్నాయి, జనం చేత ఖర్చు పెట్టించాలి అని ప్రభుత్వం ఇంటింటికీ నాలుగేసి కూపన్లు పంచింది. హోటల్లో ఇద్దరు కలిసి తింటే సగం బిల్లు ఖజానాయే కడుతుంది. మూడు కూపన్లు బీరువాలోనే గడువు తీరిపోయాయి. ఇది ఆఖరిది. భార్య పోయిన ఈ రెండేళ్లూ ఆయన వంటగట్టు దగ్గర నిలబడే తింటున్నాడు. ఒక్క పూట ఎదురుగా ఒక మనిషి ఉండగా తినాలనిపించింది. ఆ మాట సర్వరుతో అనలేక పన్నుల మీద పడ్డాడు.

పక్క బల్ల దగ్గర మంచినీళ్ల గ్లాసు పెట్టుకుని కూర్చున్న ఒకావిడ లేచి వచ్చింది. యాభై దాకా ఉంటాయి.

"మీకు అభ్యంతరం లేకపోతే నేను కూర్చుంటానండి. నేనూ ఒక్కదాన్నే."

సర్వరు వెంటనే రెండో కుర్చీ లాగాడు.

గోడ మీద టీవీలో చట్టసభ. కూపన్లు ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా, పొడిగిస్తే పన్ను ఎంత పెంచాలి అని ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ఓటింగు రేపు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది," అన్నాడాయన సూపులో రొట్టె ముంచుతూ. "తూనికల శాఖలో ముప్పై రెండేళ్లు నా జీతం చేతికి రాకముందే పన్ను కోసుకున్నారు. ఇప్పుడదే పెద్ద దాతల్లా విదిలిస్తున్నారు."

"విదిలిస్తే తప్పేముందండి? మీరిక్కడ తింటే వంటవాడికి జీతమొస్తుంది. అతను చెప్పులు కొంటాడు. చెప్పుల కొట్టాయన పిల్లకి సైకిలు కొంటాడు."

"కొనడు, దాచుకుంటాడు. రేపు పన్ను పెరుగుతుందని వాడికి తెలీదా?"

"అందరూ అలా దాచుకుంటే ఊళ్లో కొట్లు తెరిచేదెందుకండి? మీ శాఖ వాళ్లు ఈగలు తోలుకోవాలి."

ఆయనకు నవ్వొచ్చింది. ఈ రెండేళ్లలో అందరూ ఆయన మాటకి 'అవునవును' అని తప్పుకున్నవాళ్లే. కాదని కూర్చున్న మనిషి ఈవిడే. మా ఆవిడా ఇంతే, నేను పడమరంటే తూర్పనేది, అని చెప్పాడు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు ఇన్నాళ్లూ. ఆవిడ చెంచా పక్కన పెట్టి మరీ విన్నది.

"మీరేం తినడం లేదే," అన్నాడు.

"ఇందాకే కాస్త తిన్నానండి."

"సరే, ఒక్కటి చెప్పండి. ఈ పథకంతో ఉద్యోగాలొచ్చాయని ఊదరగొడుతున్నారు. ఒక్కరిని చూపించండి, నోరు మూసుకుని ఒప్పుకుంటాను."

"నాకు తెలిసిన ఒకావిడ ఉంది. ఫ్యాక్టరీ మూసేశాక పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంది. ఈ కూపన్లొచ్చాకే పని దొరికింది."

"ఏం పని?"

"పెద్ద కష్టం లేనిదేనండి."

"అనుకున్నా. సర్కారు సొమ్ముతో వచ్చేవన్నీ కూర్చుని తినే ఉద్యోగాలే."

ఆవిడ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

పళ్లేలు తీసేశారు. ఆయనకు లేవబుద్ధి కాలేదు. దీని డబ్బులు పూర్తిగా నేనే కడతానని చెప్పి రెండు టీలు తెప్పించాడు. చల్లారేదాకా తాగలేదు.

"వచ్చే శుక్రవారం వస్తారా?" అని అడిగాడు చివరికి, కప్పులోకి చూస్తూ. "వాదన సగంలోనే ఉంది."

"పథకం ఉంటే తప్పకుండా వస్తానండి. రేపు మీవాళ్లు గెలిస్తే ఇంకేముంది?"

ఆయన టీవీ వైపు చూశాడు.

"మీవాళ్లే గెలవాలి," అన్నాడు. ముప్పై రెండేళ్లు ఎవరికీ ఒక్క గ్రాము వదలని మనిషి అన్న మాట ఇది. అనేశాక సిగ్గేసింది, గుండె మాత్రం తేలికపడింది. పన్ను పెంచితే పెంచనీ, శుక్రవారం ఒకటుంది.

కౌంటరు మనిషి పైనున్న రిజిస్టరు పక్కన పెట్టి, దాని కింది పుస్తకం తీసి తెరిచాడు. ఆవిడ గబగబా సంతకం చేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

"మీరిక్కడండి," అంటూ అతను పుస్తకం ఆయన వైపు తిప్పాడు.

ఇన్‌స్పెక్టరు గారు కళ్లజోడు పెట్టుకుని తన వరుస కోసం వెతికాడు. ఎడమవైపు గడుల్లో రకరకాల సంతకాలున్నాయి. కొన్ని వణికినవి, కొన్ని గీత దాటినవి, ఎక్కువ పెద్దవాళ్లవే. ఆవిడ ఇప్పుడే సంతకం పెట్టిన కుడివైపు గడులు చూశాడు.

పై నుంచి కింది దాకా ఒక్కటే సంతకం.