సొంత బండి

టైరు పంక్చరైంది.

గోపాల్‌పేట నుంచి పాలమూరు దవాఖానకు పోతున్న తెల్ల అంబాసిడర్ మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కన ఆగిపోయింది. ఖాజా విసుక్కుంటూ డిక్కీలోంచి జాకీ తీశాడు. వెనక సీట్లోంచి సుగుణమ్మ నెమ్మదిగా దిగి, తుమ్మచెట్టు నీడలో నిలబడింది.

ఏడాదిగా నెలకు రెండుసార్లు ఆమెను దవాఖానకు తీసుకుపోతున్నాడు ఖాజా. వనపర్తి టాక్సీ అడ్డాలో ఉండే అతనికి ఫోన్ చేసి, గోపాల్‌పేట బస్టాండు దగ్గర గుడ్డసంచి పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. అడిగిన కిరాయి బేరమాడకుండా ఇస్తుంది. అంతకుమించి ఆమె గురించి అతనికేమీ తెలియదు.

"టైర్ల ఖర్చు ఎవరిది బిడ్డా? నీదా, ఓనర్‌దా?"

"ఓనర్‌దేనమ్మా. నెలనెలా ఇంత అని కట్టి నడుపుకుంటున్న."

"ఇంజన్ ఖరాబైతే?"

"అది గూడ ఓనరే. మెకానిక్ సామ్యూల్ అన్ని జూస్కుంటడు, పైసలు గూడ ఆయనకే ఇస్త. ఓనర్ మొకం నేనైతే ఎన్నడు చూడలే. పట్నంల ఉంటడంట."

"మరి బండి నడవని నెల?"

"పోయిన వానకాలం జరమొచ్చి నెలంత మంచంల ఉన్న. ఆ నెల పైసలడగలే."

"మంచోడే అయితే."

ఖాజా నట్లు బిగిస్తూ నవ్వాడు.

"మంచోడేందమ్మా! ఉన్నోనికి ఒక్క నెల పోతే ఏమైతది? నాలుగేండ్ల సంది కడుతున్న. ఎంత కట్టినా బండి నాదైతదా? అద్దం మీద నా బిడ్డ పేరు రాపిచ్చుకుందామన్నా వేరేటోళ్లను అడగాలె. అందుకే వచ్చే నెల ఫైనాన్స్‌ల కొత్త సుమో తీస్తున్న."

సుగుణమ్మ నీడలోంచి రెండడుగులు ముందుకొచ్చింది.

"ఇంకొక్క ఏడాది ఆగరాదు బిడ్డా? చేతిల జర జమైనంక తీస్కో. కిస్తీ అడిగేటోడు నీకు జరమొచ్చిందా, కిరాయి దొరికిందా అని చూడడు."

ఖాజాకు ఒళ్లు మండింది.

"జిందగీ అంత వేరేటోళ్ల బండే నడపమంటవా?"

ఆమె మరి ఆ మాట ఎత్తలేదు. దవాఖాన ముందు దిగి కిరాయి ఇస్తూ, "నీ బిడ్డ పేరేంది?" అని మాత్రం అడిగింది.

"ఇష్రత్."

"మంచి పేరు" అని లోపలికి నడిచింది.

సుమో వచ్చింది. అద్దం మీద కూతురి పేరు ఎర్రటి అక్షరాల్లో మెరిసింది. ఖాజా అడ్డాలో అందరికీ మిఠాయి పంచాడు. అంబాసిడర్ తాళంచెవి సామ్యూల్ చేతిలో పెడుతూ, "మీ ఓనర్‌కు నా సలాం చెప్పు" అన్నాడు దర్జాగా.

సుగుణమ్మ ఇప్పుడు సుమోలో కూర్చుని దవాఖానకు పోతోంది.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. అడ్డాలో బండ్లు పెరిగి కిరాయిలు తగ్గాయి. కిస్తీ కట్టాల్సిన ఐదో తారీఖు దగ్గర పడుతుంటే ఖాజాకు ముద్ద దిగేది కాదు. ఫైనాన్స్ మనిషి వాకిట్లో నిలబడితే భార్య బీబీజాన్ తలుపు చాటు నుంచి "ఇంట్ల లేడు" అని చెప్పేది. ఒకప్పుడు ఒంట్లో బాగాలేకపోతే పడుకునేవాడు. ఇప్పుడు దగ్గుతూనే స్టీరింగ్ పట్టుకుంటున్నాడు.

ఒకరోజు పొద్దున్నే శ్రీశైలం కిరాయి తగిలింది. మనుషులు ఎక్కి కూర్చున్నారు. అప్పుడే సుగుణమ్మ నుంచి ఫోన్ వచ్చింది.

"ఖాజా, పానం మంచిగ లేదు బిడ్డా. దమ్మొస్తుంది, ఊపిరి ఆడ్తలేదు. జర జల్ది రా."

ఖాజా బండిలోని మనుషులను చూశాడు. మర్నాడు ఐదో తారీఖు.

"వేరే బండి చూస్కో అమ్మా. రేపు కిస్తీ కట్టాలె."



"సరే బిడ్డా. పైలంగ పో."

దారంతా ఆ గొంతే చెవిలో మోగింది. తిరిగి రాగానే ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. గోపాల్‌పేట బస్టాండుకు పోయి, పక్కన పండ్లమ్మే జంగమ్మను అడిగాడు.

"సుగుణమ్మనా? పానం పోయింది నాయనా. బండి దొరికెవరకే ఆలస్యమాయె."

ఖాజా అక్కడే బండికి ఆనుకుని చాలాసేపు నిలబడిపోయాడు.

మరో మూడు నెలలకు సుమోను ఫైనాన్స్ వాళ్లు లాక్కుపోయారు. ఖాజా నాలుగు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఐదో రోజు తల వంచుకుని సామ్యూల్ షెడ్డుకు వెళ్లాడు.

"అన్నా, అంబాసిడర్ మళ్ల నాకిస్తవా? కిరాయి ఎక్కువైనా ఇస్త."

సామ్యూల్ చేతులు తుడుచుకుంటూ నిట్టూర్చాడు.

"పోయిన వారమే అమ్ముకున్నరు ఓనర్ పాలోళ్లు, ఆ దాయాదులు. నువ్వు ఇచ్చిపోయిన కాడి నుంచి ఇక్కడనే ఉండె."

"ఇన్ని దినాలు ఎవ్వరికీ ఇయ్యలేదా?"

"ఓనరమ్మ ఇయ్యనియ్యలే. కొత్త బండి కష్టమైతే ఖాజా మళ్ల వస్తడు, ఆయన కోసం ఉండనియ్యి అన్నది."

"ఓనరమ్మనా? ఓనర్ పట్నంల ఉంటడంటివి గద!"

"నీకు గట్ల చెప్పుమన్నది ఆమెనే. ఆమె పెనిమిటి కొన్న బండి అది. తనే ఓనర్ అని తెలిస్తే నువ్వు పైసలు తీస్కోవని, తన సొంత బండిలనే కిరాయిచ్చి కూసుండేది... గోపాల్‌పేట సుగుణమ్మ."