విడిచిన ఇంటి పాలు

ఎల్బే నది ఒడ్డున ఉండే ఆ జర్మానిక్ తెగలో ఇంటి పెద్ద పోతే, ఆ ఇల్లు విడిచిపెట్టి కాస్త ఎడంగా కొత్తది కట్టుకుంటారు. తల్లి పోయాక ఆల్బ్రూనా కూడా అలాగే చేసింది. పాలు తాగడానికి తల్లి వాడిన ముంతను పాత పొయ్యి కింద పాతిపెట్టి వచ్చేసింది. ఇల్లు మారిన సంగతి వాళ్ళ ఎర్రావుకు ఎవరు చెప్తారు? పొద్దుగూకితే చాలు, మేత నుంచి నేరుగా పాత ఇంటికే పోయేది. తిరిగొచ్చేసరికి పొదుగు ఖాళీ.

"దూడ తాగేసుంటుందిలే," అన్నాడు మొగుడు హారిమర్.

"దూడ ఇక్కడే కట్టేసుంది కదయ్యా."

"అయితే పొద్దున్నే వెళ్దువుగాని. విడిచిన గడప చీకట్లో తొక్కకూడదే."

ఆమె వినలేదు. ఆ చీకట్లోనే పాత ఇంటికి బయల్దేరింది.

మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద బతికిన ఇల్లది. ఆవుల ఊపిరి వెచ్చదనంలోనే ఆమె చలికాలాలన్నీ గడిచాయి. గడప దాటగానే అదే వెచ్చదనం ముఖానికి తగిలింది. లోపల ఎవరో పాలు పితుకుతున్న చప్పుడు. ఆమె అలికిడికి అది ఆగిపోయింది. ఆవు మాత్రం నింపాదిగా నెమరేస్తోంది.

కూలిన కప్పులోంచి పడే వెన్నెల్లో, పొయ్యి పక్కన తను పాతిపెట్టిన ముంత కనిపించింది. దాని ఒళ్ళంతా తడిమట్టి. నిండా పాలు. నురగ ఇంకా చావలేదు.

పారిపోదామనుకుంది. ఆ పాల వాసన కదలనివ్వలేదు. ముంత ఎత్తి గటగటా తాగేసింది. చిన్నప్పుడు ఇలా తాగగానే అమ్మ బొటనవేలితో మూతి తుడిచేది.

ఆమె ముంత దించి, మూతి తుడుచుకోవడానికి చెయ్యెత్తింది. నురగ అప్పటికే లేదు. పెదవి మీద ఆ చివరి నుంచి ఈ చివరికి, బొటనవేలి వెడల్పున మట్టి చార ఉంది.