వరండా చివరి చోటు

"అక్కడ మాత్రం వద్దు!"

ఆ అరుపుకి చర్చి వరండాలో అట్టపెట్టెలు చింపుతున్న పన్నెండు మందీ తలలు తిప్పారు. అరిచినావిడ మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది, కాళ్లకి చెప్పులైనా లేవు. కుట్టుమిషన్ ముందునుంచి లేచి నేరుగా వచ్చేసినట్టుంది ఆవిడ. వచ్చీ రావడంతోనే వరండా చివర పరిచిన అట్టని సర్రున లాగి అవతల పడేసింది.

ఆ అట్ట ఆవిడ కూతురిది. చర్చి యువజన బృందానికి ఆమే నాయకురాలు. చిన్నా పెద్దా అంతా లీడరక్క అనే పిలుస్తారు. ఇల్లు లేనివాళ్ల బతుకెలా ఉంటుందో ఊరికి తెలియాలంటే ఈ రాత్రి దిండూ దుప్పటీ లేకుండా, వీధి వైపున్న ఈ వరండాలో అట్టల మీద పడుకోవాలన్న ఆలోచన కూడా ఆమెదే. "ఈ రాత్రి మేమూ ఇల్లు లేనివాళ్లమే" అని పెద్దక్షరాలతో బ్యానరు కూడా కట్టించింది. తీరా చూస్తే చీకటైనా పడకముందే తల్లే వచ్చి పరువు తీసేస్తోంది.

"అమ్మా, అందరూ చూస్తున్నారు," అంది పళ్లబిగువున.

"చూడనీ. ఈ పిచ్చి వద్దని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నాను, విన్నావా? సరే, నీ ఇష్టం, పడుకో. కానీ లోపల గోడవార పడుకో. ఆ చివర వద్దు."

"చివర గాలెక్కువమ్మా. అందుకే ఆ చోటు నేను తీసుకున్నాను. లీడర్ని అయ్యుండి వెచ్చటి చోటు చూసుకుంటే నన్నెవరు లెక్కచేస్తారు?"

"చెయ్యకపోతే పోనీ. ప్రాణంతో ఉంటావు!"

"ఒక్క రాత్రికే ప్రాణం పోతుందా ఆంటీ?" అని కిసుక్కున నవ్వింది బొద్దుపిల్ల. బ్యాగులో దిండు దాచుకొచ్చిన వీరురాలు ఆ పిల్లే. ఆ సంగతి అందరికీ తెలుసు.

కూతురు పట్టుబట్టి అట్టని మళ్లీ చివరే పరిచి, దానిమీద కూర్చుంది. కాసేపు అలాగే చూసి, ఇక లాభం లేదనుకుందేమో, ఆవిడే కిందికి వంగింది. ఇంకో పెట్టె చింపి కూతురి కిందికి తోసింది.

"ఒక పొర చాలదే. నేలచలి ఎముకల్లోకి పాకుతుంది. పైన కప్పుకోకపోయినా ఫరవాలేదు, కింద మాత్రం రెండుండాలి." తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగింది. "మీరూ వినండి. పాత పేపర్లు నలిపి బట్టల్లోపల కుక్కుకోండి. చెప్పులు కాళ్ల దగ్గర వదలకండి, తలకింద పెట్టుకోండి, లేకపోతే పొద్దునకి ఉండవు. బ్యాగు పట్టీ చేతికి ముడేసుకోండి."

పిల్లలంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. లీడరక్క అట్టమీదే తల్లివైపు తిరిగింది. పక్కబట్ట మీద ముడతుంటే ఊరుకోని మనిషి, తన అమ్మ!

"ఇవన్నీ నీకెలా తెలుసమ్మా?"

"తెలుసులే."

"అదే, ఎలా?"

ఆవిడ టేపు కొసని వేలికి చుడుతూ విప్పుతూ ఉండిపోయింది. చివరికి, "నేనిక్కడే పడుకునేదాన్ని. ఈ వరండాలోనే. రెండేళ్లు," అంది.

"అయ్యో దేవుడా!" అన్నారెవరో. లీడరక్క తల్లి చేతులు పట్టుకుంది. ఏడుపొచ్చింది. దాని వెనకే పట్టలేనంత గర్వమూ వచ్చింది. ఇంత కడుపులో దాచుకుని, ఒక్క మాట చెప్పకుండా పెంచిందా నన్ను!

కొత్తగా వచ్చిన పాస్టరుగారు మైకు పట్టుకుని పరుగున వచ్చారు. ఎంతో మంచి మనిషి, కానీ అనుభవాన్ని పదిమందికీ చెప్పే సాక్ష్యమనేసరికి ఆయన్ని పట్టలేం. "ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఏముంటుందమ్మా? నాలుగు మాటలు చెప్పండి. వీధంతా విననీ."

"నావల్ల కాదయ్యగారూ."

"చెప్పమ్మా," అని కూతురు తల్లి చెయ్యి పట్టుకుని గుంజింది. "ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? ఈ చివరెందుకు వద్దన్నావో, అదొక్కటి చెప్పినా చాలు."

"చెబితే అక్కణ్ణుంచి లేస్తావా?"

"లేస్తాను."

"మాట తప్పకూడదు."

"తప్పనమ్మా."

ఆవిడ మైకు పుచ్చుకుంది. వీధిన పోతున్నవాళ్లు నలుగురు ఆగారు.

"ఆ చివరి చోటు నాది," అంది. మైకులో తన గొంతు తనకే వినిపించి బెదిరింది. తమాయించుకుంది. "నా పక్కన, గోడవార, ఒక పిల్లతల్లి పడుకునేది. ఒకరోజు చలి బాగా ఎక్కువగా ఉంది. నాకేమన్నా జ్వరమా, నొప్పా? ఏమీ లేదు. ఊరికే ఓర్చుకోలేక, ఈ ఒక్క రాత్రికి చోటు మార్చుకోవే అని దాన్ని బతిమాలాను. పిచ్చిది, సరేనంది. పసిదాన్ని నా పక్కలో పడుకోబెట్టి, తను వెళ్లి ఆ చివర పడుకుంది. తెల్లారి లేపితే లేవలేదు. కొయ్యలా బిగుసుకుపోయుంది."

బొద్దుపిల్ల చేతిలోని పేపర్లు జారి కింద పడ్డాయి.

లీడరక్కే ముందు తేరుకుంది. కూర్చున్నచోటు నుంచే తల్లి చెయ్యి నిమిరింది. "అలా అవుతుందని నీకేం తెలుసమ్మా? నీ తప్పేం లేదు. మరి ఆ పసిది ఏమైంది?"

ఆవిడ మైకు కిందికి దించింది. దించినా ఆ మాట అందరికీ వినిపించింది.

"పెరిగి పెద్దదై, ఇవాళ అదే చోట అట్ట పరుచుకుని కూర్చుంది."