పదకొండో గడి

“ఈ అమ్మాయి చేస్తున్న పరిశోధన వల్ల మీ ఊరికి ఏమైనా మేలు జరిగిందా?”

ప్రభుత్వం తరఫున తనిఖీకి వచ్చిన ఆనందబాబు గారు అడగవలసిన ప్రశ్న అదొక్కటే. తడ ఊరికి అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున, చేపల సంఘం షెడ్డులో ఫ్యాను కింద కూర్చుని అడిగారు. ముందు వరసలో ఉన్న హజరత్తయ్య భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని లేచాడు.

“ఏమీ జరగలేదు సార్.”

ఆ పరిశోధన చేస్తున్న షాహనా పక్కనే నిలబడి ఉంది. ఎవరు కాదన్నా హజరత్తయ్య కాదంటాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

సరస్సులో రొయ్యలు బాగా పడే చోటును ఇక్కడివాళ్లు పాడు అంటారు. ఏ పాడులో ఎప్పుడు ఎవరు వల వేయాలో వంతులున్నాయి. అవి ఏ కాగితం మీదా లేవు, ముసలివాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. షాహనా రెండేళ్లుగా వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు పెట్టిన పులుసన్నం తిని, ఆ వంతులన్నీ రాసుకుంది. పోయిన వానాకాలంలో ఒక పాడు దగ్గర పక్క ఊరితో తగువొచ్చి కర్రలు లేచినప్పుడు, ఆ రాతనే రెండూళ్ల పెద్దల ముందు చదివారు. తగువు తెగింది. ఆ రోజు షాహనా మెడలో దండ వేసింది ఈ హజరత్తయ్యే.

ఈ పరిశోధనకు డబ్బిచ్చేది ప్రభుత్వం. చరిత్రకూ భాషకూ సమాజశాస్త్రానికీ పోస్తున్న డబ్బు ఏ గంగలో కలుస్తోందో చూడాలని ఈ ఏడు పైవాళ్లకు బుద్ధి పుట్టింది. సరస్సుకు అవతలి దీవి నుంచి రాకెట్టు లేస్తే ఊరంతా మేడలెక్కి చూస్తుంది. ముసలివాళ్ల మాటలు రాసుకుంటే ఏం లేస్తుంది? అందుకని ఫారంలో కొత్తగా పదకొండో గడి చేర్చారు. ‘సమాజానికి కలిగిన ప్రయోజనం’. అది ఊరివాళ్ల నోట విని మాత్రమే నింపాలి. అందులో ఏమీ లేకపోతే మూడో ఏడాది నిధులు రావు. నిధులు రాకపోతే షాహనా ఆ ఒడ్డునున్న తమిళ ఊళ్లకు వెళ్లలేదు. అక్కడ వంతులు తెలిసినవాళ్లు ఆరుగురే మిగిలారు. ఆరుగురూ ఎనభై దాటినవాళ్లే.

“పోయిన వానల్లో ఏదో తగువు తీరిందని రిపోర్టులో రాశారే?” ఆనందబాబు కాగితాలు తిరగేశారు.

“తగువులంటే వస్తా ఉంటాయి, పోతా ఉంటాయి సార్,” అన్నాడు సంఘం ప్రెసిడెంటు వెంకటేష్. “మాకైతే ఇంతవరకూ ఏమీ అందలేదు.”

“వెంకటేషన్నా, అట్టంటావేందన్నా?” షాహనా ఉండబట్టలేక అడిగేసింది.

వెంకటేష్ ఆమె వైపు చూడకుండా షెడ్డు రేకులు లెక్కపెట్టసాగాడు.

“మీరు కలగజేసుకోకూడదమ్మా, రూలు ఒప్పుకోదు,” అన్నారు ఆనందబాబు మెత్తగానే.

వరసగా పద్నాలుగు మంది లేచారు. పద్నాలుగు మందీ ఒకే మాట చెప్పారు. ఒకామె అయితే అడక్కముందే లేచి, “నాకూ ఏం లేదు సార్,” అని చెప్పేసి కూర్చుంది. ఊరి మీద షాహనాకు ఉన్న నమ్మకం కాస్తా ఆవిరైపోయింది.

చివరికి పెంచలమ్మ వంతు వచ్చింది. ఈ రెండేళ్లూ షాహనాను ఇంట్లో పెట్టుకున్న మనిషి. ఉపవాసాల నెలలో పొద్దుగుంకే వేళకల్లా గంజి కాచి, ఖర్జూరాలు చేతిలో పెట్టిన మనిషి. ఈ అవ్వ నోట అబద్ధం రాదు. షాహనా ఆశగా చూసింది.

“మీరన్నా చెప్పండవ్వా. ఒక్క మేలైనా జరగలేదా?” ఆనందబాబు గొంతులో బతిమాలినట్టుంది.

“ఒక్కటంటే ఒక్కటి లేదు సామీ. పాప తిరగతానే ఉంది, రాస్తానే ఉంది. మాకొచ్చిందేం లేదు.”

ఆనందబాబు పెన్ను తీసి పదకొండో గడిలో ‘శూన్యం’ అని రాశారు. సంతకం పెట్టి, ఫైలు చంకన పెట్టుకుని బయటికి నడిచారు. కారెక్కబోతూ ఆగారు.

“నేనూ ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినవాణ్నే అమ్మా. మీ పని గొప్పదని నాకు తెలుసు. ఒక్కరు ఒక్క మాటన్నా పేజీ నిండా రాసుండేవాణ్ని. ఊరే కాదంటే నేనేం చేసేది?”

కారు వెళ్లిపోయింది. షాహనా షెడ్డు మెట్ల మీద కూలబడింది. ముందు కోపం వచ్చింది. ఇంత విశ్వాసం లేని ఊరికా రెండేళ్లు ధారపోశాను అనుకుంది. ఆ వెనకే ఏడుపు ముంచుకొచ్చింది.

పెంచలమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. వెనకే హజరత్తయ్య, వెంకటేష్, మిగతా అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. చిత్రంగా అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

“ఎందుకట్టా జెప్పినావవ్వా? నేను మీకేం అన్యాయం చేసినా?” అంది షాహనా వెక్కుతూ.

“పిచ్చిదానా, ఏడవబాక,” పెంచలమ్మ కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. “పోయిన తుపానప్పుడు ఇట్టనే ఒక సారు కారేసుకోని వచ్చి, సాయం అందిందా అని అడిగినాడు. అందిందని నిజం జెప్పినోళ్ల పేర్లు కొట్టేసి పోయినాడు. అందలేదన్నోళ్లకేమో రెండోతూరి గూడా ఇచ్చినారు. అందుకే నిన్నటినించీ ఇల్లిల్లూ తిరిగి జెప్పినా, ‘ఎవురూ నోరు జారి మేలు జరిగిందనబాకండి, మన పాపకి రావాల్సిన డబ్బులు ఆగిపోతాయి’ అని!”