గుమ్మానికి అడ్డంగా

“లేవయ్యా. గుమ్మానికి అడ్డంగా ఇదేం పడక?”

మూట మీద తల పెట్టుకుని, తలుపుకి వీపు ఆనించి పడుకున్న మనిషి కళ్ళు తెరిచాడు.

“ఎండ మండిపోతోంది బాబూ. ఇక్కడ తలుపు కిందనుంచి చల్లగా తగులుతోంది. ఈ గది ఎవరు కట్టారోగాని, చల్లగా బతకాలి.”

“ఆ బతికేదేదో నువ్వు ఇంకోచోట బతుకు. పెద్దవాళ్ళు వచ్చే వేళయింది.”

కసిరినాయన షెడ్డు యజమాని. గది కట్టింది ఆయన చెల్లెలి భర్త. ఊరంతా అతన్ని పీచుమిఠాయి అంటారు.

అనరా మరి? గాజుని కరిగించి, డ్రమ్ములో గిర్రున తిప్పి, పీచుమిఠాయిలా దూది తీస్తాడు. గోడల్లో, పైకప్పులో ఆ గాజుదూది పరిస్తే బయటి వేడి లోపలికి రాదు. కాకపోతే పరిచేవాళ్ళకి ఒళ్ళంతా ఒకటే దురద. అందుకని దూది వస్తుండగానే దానికి పల్చని తొడుగు చుట్టే యంత్రం కూడా తనే చేశాడు. అది కుదిరేదాకా మొగుడూ పెళ్ళాం చేతులు గోక్కుంటూ ఎన్ని రాత్రులు కూర్చున్నారో దేవుడికే తెలియాలి.

ఆ తొడుగు దూది పనితనం చూడ్డానికే పెరట్లో దానితో ఈ రేకుల గది కట్టాడు. రోజూ లోపల ఐసు దిమ్మ పెట్టి, చల్లదనం నిలుస్తుందో లేదో చూస్తాడు. తలుపొక్కటి బావగారి పాత గోదాముది, తెచ్చి తగిలించాడు.

యంత్రం నడిచే షెడ్డు బావగారిది. ఇన్నేళ్ళ ఓపికా ఆయనదే. అది నిన్నటితో అయిపోయింది.

ఈ రోజు ఇళ్ళు కట్టే కంపెనీవాళ్ళు వచ్చి చూసి, ఈ దూది కొనడానికి సరేనంటే సరి. కాదంటే సాయంత్రానికి యంత్రం పాత ఇనుప కొట్టుకి పోతుంది.

“ఉండనీ అన్నయ్యా,” అంది చెల్లెలు. “ఈ నిద్రమొహం ఇక్కడ పడుకోవడం మొదలెట్టాకే గది చల్లబడింది. మంచి పాదం.”

పీచుమిఠాయికి చిర్రెత్తుకొచ్చింది.

“చల్లబడింది నా కొత్త తొడుగులవల్ల. నా కష్టం కూడా దారినపోయేవాడి ఖాతాలో రాస్తావా?”

నిద్రమొహం దుప్పటి మడుచుకున్నాడు.

“పోనీలేమ్మా. ఇన్నాళ్ళు పడుకోనిచ్చారు, అదే పదివేలు.”

మూట భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. ఎవరూ అటు చూడలేదు.

కాసేపటికి కంపెనీ ఇంజనీరమ్మ వచ్చింది. తొడుగు దూదిని చేత్తో నొక్కి చూసింది.

“అసలు గుచ్చుకోవడం లేదే.”

పీచుమిఠాయికి ప్రాణం లేచొచ్చింది. భార్య కొంగు మాటున దణ్ణం పెట్టుకుంది.

కొత్త ఐసు దిమ్మ పెట్టి గది తలుపు మూశారు. లోపల వేడి చూపించే ముల్లు గోడకున్న అద్దంలోంచి కనిపిస్తోంది. వడగాలి వీస్తోంది. అందరూ టీలు తాగుతూ నిలబడ్డారు.

ముల్లు కదిలింది. దిగలేదు, ఎక్కింది.

“ఇప్పుడు ఆగుతుందమ్మా,” అన్నాడు పీచుమిఠాయి.

ఆగలేదు. పరుగెత్తి గోడలు తడిమాడు, నిచ్చెన వేసుకుని పైకప్పు తడిమాడు. దూది ఎక్కడిదక్కడే ఉంది.

“నిన్నటిదాకా చల్లగా ఉందమ్మా. ఒట్టు.”

“ఒట్లతో ఇళ్ళు కట్టలేం కదండీ.”

“ఇంకొక్క గంట చూడండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“ఎంత మాట. మీ తొడుగు బాగుంది. కానీ వేడి ఆపని దూది మాకెందుకు చెప్పండి? సాయంత్రంలోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి, ఇంకొకరిది కూడా చూడాలి.”

కారు వెళ్ళిపోయింది.

బావగారు పాత ఇనుప కొట్టువాడి లారీని పిలిపించాడు. బోల్టులు విప్పుతుంటే తల తిప్పుకున్నాడు.

“ఇక చాలు బావా. చెల్లెలి చేతులు గోకి గోకి ఎలా అయ్యాయో చూడు.”

యంత్రం లారీ ఎక్కింది. లారీ గేటు దాటింది. పీచుమిఠాయి గది ముందే కూలబడి, తలుపు వైపు తిరిగి, నేలమీద అడ్డంగా పడుకున్నాడు. ఏడుపు ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

భార్య అద్దం దగ్గర నిలబడింది. చాలాసేపు లోపలి ముల్లునే చూసింది.

“ఏమండీ. ముల్లు దిగుతోంది.”

లేచి చూశాడు. చూస్తుండగానే మళ్ళీ ఎక్కడం మొదలెట్టింది.

“ఏం దిగింది? నీ భ్రమ.”

“కాదండీ. మీరు మళ్ళీ అక్కడే పడుకోండి.”

“ఏమిటీ?”

“పడుకోండి, చెప్తాను.”

పడుకున్నాడు. వడగాలి వీపుని కాలుస్తోంది. మొహానికి మాత్రం తలుపు కిందనుంచి చల్లగా తగిలింది. చెయ్యి పెట్టి చూశాడు. నాలుగు వేళ్ళూ తలుపు కింద సందులో దూరిపోయాయి.

“దిగుతోందండీ,” అంది భార్య.

లేచి రోడ్డు మీదికి పరుగెత్తాడు. టీ కొట్టువాణ్ణి అడిగాడు.

“ఆ నిద్రమొహమా? మధ్యాహ్నమే ఏదో లారీ ఎక్కి ఇటు పోయాడు.”

“ఏ ఊరు? పేరేమిటి?”

“ఎవరడిగారు బాబూ?”

ఇటు ఆ మనిషిని ఎక్కించుకున్న లారీ ఎప్పుడో పోయింది. అటు యంత్రాన్ని ఎక్కించుకున్న లారీ దుమ్ము ఇంకా అణగలేదు.

వెనకే వచ్చిన భార్య రొప్పుతూ అడిగింది.

“ఎటు వెళ్దామండీ?”

అతను ఇటొకసారి, అటొకసారి చూశాడు.

ఇన్నాళ్ళూ ఆ తలుపు సందులోంచి గదిలోకి వేడి రాకుండా తన వీపుతో ఆపింది, ఇందాక లేపి పంపేసిన ఆ నిద్రమొహమే.