పది పాఠాలు

"ఇంకొకళ్ళు కొట్టేయగలిగే చోట ఇక నా కోరిక నేను రాయను," అంది కర్టెన్లావిడ.

ఆవిడ కర్టెన్లు కుట్టి హోటళ్ళకూ ఆఫీసులకూ ఇస్తుంది. భర్త డ్రైవింగ్ స్కూలు నడుపుతారు, ఆయన్ని ఊరంతా మాస్టారంటారు. ఏడాది చివరి సెలవుల్లో ఇంట్లో నలుగురూ ఒకరికొకరు బహుమతులిచ్చుకోవడం అలవాటు. పోయినసారి అత్తగారికి ఒకే రంగు స్వెట్టర్లు మూడొచ్చాయి. ఆవిడ మూడూ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని రోజంతా అలాగే తిరిగింది. అందుకే ఈసారి ఎవరికేం కావాలో వాళ్ళే రాసుకునే ఉచిత సైటు ఒకటి చూడమని కూతురికి అప్పజెప్పారు.

మొదటి సైటు తెరిస్తే జాబితా కన్నా ప్రకటనలే ఎక్కువ. రెండోది మాస్టారికి తెగ నచ్చింది. పాస్‌వర్డ్‌ల గొడవ లేదు, లింకు ఉంటే చాలు, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా కొట్టేయొచ్చు. అందులో కర్టెన్లావిడ "మా ఆయన దగ్గర కారు నడపడానికి పది పాఠాలు" అని రాసింది. పావుగంటలో అది మాయమైంది. మళ్ళీ రాసింది. మళ్ళీ పోయింది. మూడోసారి చూస్తే ఆ చోట "నాన్‌స్టిక్ పెనం" అని ఉంది.

"పాఠాలు వస్తువు కాదు కదా," అన్నారు మాస్టారు. "బహుమతంటే చేత్తో పట్టుకునేదై ఉండాలి."

"స్టీరింగ్ చేత్తోనేగా పట్టుకునేది."

అత్తగారు కిసుక్కున నవ్వింది.

"అయినా నీకెందుకు? ఎక్కడికంటే అక్కడికి నేను దింపుతున్నానా లేదా?"

"దింపుతున్నారు, మీ స్టూడెంట్లందరూ ఇళ్ళకెళ్ళాక. అప్పటిదాకా మూటలు పెట్టుకుని నేను ఫుట్‌పాత్ మీద నిలబడాలి. మొన్న వానకి హోటలువాళ్ళ తెల్ల కర్టెన్లన్నీ తడిసి ముద్దయ్యాయి. మళ్ళీ ఉతికి ఇస్త్రీ చేసేసరికి నా నడుం పడిపోయింది."

"నువ్వు స్కూలుకొస్తే, మాస్టారి పెళ్ళాం కారు గోడకి గుద్దిందని నలుగురూ నవ్వుతారు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ ఇంట్లో మాత్రం నేను పనికిరానని చెట్టే మొండికేసింది.

కూతురు మూడో సైటు తెరిచింది. "ఇందులో ఎవరి జాబితా వాళ్ళదే, వేరేవాళ్ళు చెయ్యి పెట్టలేరు. నచ్చినదాని పక్కన 'నేనిస్తా' అని నొక్కితే ఇంకెవరూ దాన్ని ఎంచుకోలేరు. ఎవరు నొక్కారో రాసినవాళ్ళకి తప్ప అందరికీ కనిపిస్తుంది."

"పాస్‌వర్డ్ పెట్టుకోవాలా?" మాస్టారు మొహం చిట్లించారు.

"పెట్టుకుందాం," అంది కర్టెన్లావిడ. "లేకపోతే ఏమవుతుందో చూశాంగా."

"నాక్కూడా ఇదే కావాలి," అంది అత్తగారు. "నేను రాసుకున్నది కొట్టేయడానికి వీడెవడు?"

ముగ్గురూ ఒకటయ్యాక మాస్టారు చేసేదేముంది, మూడో సైటే ఖాయమైంది. కర్టెన్లావిడ మళ్ళీ అదే మాట రాసింది.

"ఇంకో రెండు రాయమ్మా. ఒక్కటే అయితే ఎలా?" అంది కూతురు.

"ఒక్కటే. ఇస్తే అదివ్వండి, లేకపోతే మానెయ్యండి."

మాస్టారు రెండు రోజులు ఆలోచించారు. కొట్టేయడానికి లేదు. కూతురు గనక నొక్కి, తన స్కూలుకే వచ్చి ఫీజు కడితే కాదనడానికీ లేదు. మూడో రోజు పొద్దున్నే తనే వెళ్ళి 'నేనిస్తా' నొక్కేశారు. ఇక దాన్నెవరూ ముట్టుకోలేరు. తన తెలివికి తనే మురిసిపోయి, సాయంత్రం వస్తూ వస్తూ పెనం కొనుక్కొచ్చారు.

కూతురు ఆ పేరు చూసి నానమ్మ చెవిలో వేసింది, "నాన్న దారికొచ్చారు" అని. ఇద్దరూ ఇంకేమీ కొనకుండా ఊరుకున్నారు. కర్టెన్లావిడ ఫోనులో మాత్రం 'ఎవరో ఇస్తున్నారు' అని ఒక్క ముక్క కనిపించింది. ఎవరో తెలియకపోయినా ఆవిడకు చాలా సంతోషమేసింది. ఆ రోజు కుట్టుమిషను ముందు కూర్చుని కూనిరాగం కూడా తీసింది.

సెలవు రోజు మధ్యాహ్నం బహుమతులు విప్పారు. కర్టెన్లావిడ ముందు ఒకే ఒక్క పెట్టె. విప్పితే పెనం.

"పాఠాలేవి నాన్నా? నొక్కింది మీరేగా?" కూతురు లేచి నిలబడింది.

"నొక్కాను. నొక్కినవాడు ఇచ్చి తీరాలని ఎక్కడైనా రాసుందా? వచ్చే ఏడాది చూద్దాంలే."

"సిగ్గు లేదురా నీకు," అంది అత్తగారు.

కర్టెన్లావిడ ఏడవలేదు. పెనాన్ని మూత పెట్టి పక్కకు జరిపింది. గుమ్మం దగ్గరున్న కర్టెన్ల మూట చంకన పెట్టుకుంది. మేకుకి వేలాడుతున్న కారు తాళాలు తీసింది.

మాస్టారు గబగబా వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "ఎక్కడికి?"

"హోటలుకి. రెండింటికల్లా ఇవ్వాలి."

"నాలుగింటికి నేను దింపుతాగా."

"నాలుగింటిదాకా వాళ్ళ కిటికీలు ఆగవు. తప్పుకోండి."

"నీకేమైనా మతిపోయిందా? తాళాలిటివ్వు. ముందు ఎక్కడైనా పది పాఠాలు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, అప్పుడు మాట్లాడు."

ఆవిడ పర్సులోంచి ఒక కార్డు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"మీ స్కూలుకి ఎదురుగా ఉన్న స్కూల్లో మూడు నెలల కిందటే అయిపోయాయి. మీ అంతట మీరు నేర్పుతానంటారేమోనని ఆఖరిసారి అడిగి చూశానంతే."